సారా మిగిలింది, దెబ్బ మరుగయింది: నెల్లూరు ఉద్యమాన్ని చదివిన తీరుపై ఒక అభ్యంతరం

నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమానికి మన సమకాలీన చరిత్రలో ఒక స్థిరమైన కథనం ఏర్పడింది. 1990ల ఆరంభంలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమంలో భాగంగా కలిగిరి మండలం దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన స్త్రీలు ‘సీతమ్మ కథ’ పాఠం చదివి చర్చించుకున్నారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలిచారు. ఊళ్ళో సారా అంగడి మూతపడింది. ఆ ఊరి అనుభవమే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమై తక్కిన ఊళ్ళకు పాకింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది.

ఈ కథనంలో అసత్యం లేదు. లోపం వేరే చోట ఉంది. ఇందులో ఆరంభం సారా, ముగింపు సారా. నడుమ ‘తాగివచ్చిన భర్త కొట్టేవాడు’ అనే వాక్యం ఒకటి వస్తుంది. ఉద్యమానికి కారణంగా దానిని చెప్పి కథనం ముందుకు సాగిపోతుంది. ఆ తరువాత ఆ దెబ్బ ఏమయిందో ఎవరూ అడగరు. సారా ఎప్పుడు నిషిద్ధమైందో తేదీతో సహా చెప్పగలిగిన మనం, దూబగుంటలో కొట్టడం ఎప్పుడు ఆగిందో, అసలు ఆగిందో లేదో చెప్పలేం. దానిని నమోదు చేయవలసిన విషయంగా మన పరిశోధన గుర్తించలేదు. ఈ వ్యాసంలో నా వాదం ఇంతే: నెల్లూరు స్త్రీలు ఇచ్చినది ప్రధానంగా గృహహింసను గురించిన సాక్ష్యం, మనం దానిని మద్యం గురించిన సాక్ష్యంగా భద్రపరిచాం. ఈ తప్పుడు పఠనం చరిత్ర రచనకు పరిమితమై ఉంటే పండితుల మధ్య వివాదంగా వదిలివేయవచ్చు. కానీ అది ఈనాటికీ ఒక బాధితురాలు తనకు జరుగుతున్నదానిని గుర్తుపట్టకుండా, గుర్తుపట్టినా సాయం అందకుండా అడ్డుపడుతున్నది.

1992 నాటి ఫిర్యాదు, 2005 నాటి నిర్వచనం

ఉద్యమంలో స్త్రీలు చెప్పుకున్న బాధలు ఆనాటి పత్రికల్లోనూ, 1993 జనవరిలో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో అన్వేషి బృందం ప్రకటించిన వ్యాసంలోనూ, ఆ తరువాతి అధ్యయనాల్లోనూ కనిపిస్తాయి. కూలిడబ్బు లాక్కోవడం, ఇంట్లో బియ్యం, గిన్నెలు అమ్ముకోవడం, ఇల్లు గడవడానికి పైసా ఇవ్వకపోవడం, పిల్లల ముందు బూతులు తిట్టడం, కొట్టడం, రాత్రివేళ ఇంట్లోంచి గెంటడం. వీటిలో సారాకు మాత్రమే చెందినది ఏది? ప్రతి క్రియకూ కర్త భర్త. సారా అక్కడ సందర్భం.

పార్లమెంటు 2005లో చేసిన గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చింది. దాని 3వ సెక్షను హింసను నాలుగు రకాలుగా నిర్వచించింది: శారీరకం, లైంగికం, మాటలతోనూ మనసును గాయపరచడంతోనూ చేసేది, ఆర్థికం. చట్టం కింద రూపొందిన నియమావళిలో గృహ సంఘటన నివేదికకు ఒక నమూనా పత్రం ఉంది. అందులోని వివరాలు చూడదగినవి. చెంపదెబ్బ, తన్ను, తోపు. శీలం మీద నింద. మగపిల్లవాడిని కనలేదన్న ఎత్తిపొడుపు. ఇల్లు దాటి వెళ్ళనీయకపోవడం. ఇంటి ఖర్చుకు, తిండికి, మందులకు డబ్బు ఇవ్వకపోవడం. ఆమె సంపాదనను లాక్కోవడం. ఆమె స్త్రీధనాన్ని అమ్మడం, తాకట్టు పెట్టడం. కలిగిరి, ఉదయగిరి ప్రాంతాల కూలి స్త్రీలు 1992లో చెప్పినదానికీ, పదమూడేళ్ళ తరువాత శాసనకర్తలు రాసినదానికీ ఉన్న దగ్గరితనం కాకతాళీయం కాదు. దేశంలో ‘ఆర్థిక హింస’ అనే మాట చట్టంలోకి ఎక్కకముందే ఆ స్త్రీలు దాని వివరాలన్నీ చెప్పారు. మనం ఆ జాబితాను విని, దానికి ‘తాగుడు వల్ల అనర్థాలు’ అని శీర్షిక పెట్టుకున్నాం. నివేదిక పత్రంలోని హింసారూపాల జాబితాలో మాత్రం మద్యం అనే అంశమే లేదు.

సామెత చేసిన పని

ఒక స్త్రీ తన మీద జరుగుతున్నది హింస అని గుర్తించడం మొదట భాషలో జరిగే పని. దానికి మాట దొరకాలి. తెలుగు శాఖలకు ఈ విషయంతో ఏం సంబంధమని అడిగేవారికి ఇదే సమాధానం.

తెలుగులో ఇంటిలోపలి హింసకు మాటలు తక్కువేమీ కాదు. ఆరళ్ళు, సాధింపు, దెప్పిపొడుపు, ఎత్తిపొడుపు, వేపుకుతినడం, రాచి రంపాన పెట్టడం. చట్టంలోని పొడవైన పదబంధాలకన్నా ఇవి సూటిగా ఉన్నాయి. కానీ ఈ మాటలు ఎవరి పేరుకు ముందు వస్తాయో గమనించాలి. అత్త ఆరళ్ళు, ఆడబిడ్డ ఆరళ్ళు అంటాం. మొగుడి ఆరళ్ళు అనడం అరుదు. సాధించేది అత్త, సవతితల్లి, గయ్యాళి భార్య. అదే పని భర్త చేస్తే దాని పేరు కోపం. ‘మనిషి మంచివాడే, కోపం ఎక్కువ’ అంటాం. స్త్రీ చేసిన హింసకు క్రియాపదాలు ఇచ్చిన భాష, పురుషుడు చేసిన హింసకు స్వభావ విశేషణంతో సరిపెట్టింది. జానపద గేయ సంకలనాల్లో అత్తాకోడళ్ళ పాటలకు ప్రత్యేక విభాగం పెట్టడం మనకు పరిపాటి. ఆ పాటల్లో భర్త ఏం చేస్తున్నాడన్న ప్రశ్నతో వాటిని మళ్ళీ వర్గీకరిస్తే ఏం తేలుతుందో చూడడం పరిశోధక విద్యార్థులకు మంచి పని.

సామెతలు ఇంకా స్పష్టంగా మాట్లాడతాయి. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట అని ఒక సామెత. దీనిని మనం మానవ స్వభావం మీద చమత్కారంగా చెప్పుకుంటాం. తరగతిలో చెబితే నవ్వు వస్తుంది. దీని నిర్మాణం చూడండి. కొట్టడం ఇక్కడ వార్త కాదు, అది ముందే ఉన్న స్థితి. వాక్యంలో కొత్త సమాచారం తోడికోడలి నవ్వు. అంటే గాయం దెబ్బలో లేదు, దెబ్బ మరొకరి కంటబడటంలో ఉంది. కొట్టినవాడు వాక్యంలోంచి తప్పుకున్నాడు. ఇప్పుడు తగవు ఇద్దరు ఆడవాళ్ళ మధ్య. ఆలుమగల కలహం అన్నం తిని పడుకొనేవరకే అనే మరో సామెత, జరిగినదాన్ని ‘కలహం’ అని పిలిచి ఇద్దరినీ సమాన భాగస్వాములను చేస్తుంది. పైగా దానికి గడువు పెడుతుంది, తెల్లవారితే అది లేనట్టే. ఇంటిగుట్టు లంకకు చేటన్న మాటను ఇల్లాలికి ఎవరు ఎప్పుడు గుర్తుచేస్తారో వివరించనక్కరలేదు.

దూబగుంట రాత్రిబడిలో జరిగిన మార్పును ఈ వెలుగులో చూస్తేనే దాని విలువ తెలుస్తుంది. సామెతలోని తోడికోడళ్ళే అక్కడ పలకల ముందు కూర్చున్నారు. ఒకరి దెబ్బ మరొకరికి తెలియడం అక్కడ నవ్వుకు కారణం కాలేదు. నీ ఇంట్లోనూ ఇంతేనా అన్న ప్రశ్నకు అవునన్న జవాబు వచ్చినప్పుడు, అంతవరకు ఎవరి ఖర్మ వారిదిగా ఉన్నది ఊరి విషయమైంది. అక్షరాస్యత సాధించిన అసలు ఫలితం అది. సారా అంగడి మూత దాని తరువాతి మెట్టు. మన వ్యాసాలు రెండో మెట్టు నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాయి.

పత్రికా భాష సామెతకు వారసురాలు. ‘కుటుంబ కలహాల నేపథ్యంలో’, ‘క్షణికావేశంలో’, ‘తాగిన మైకంలో’, ‘అనుమానం పెనుభూతమై’. ఈ నాలుగు పదబంధాలు లేకుండా భార్య హత్యను గురించిన తెలుగు వార్త చదవడం కష్టం. నాలుగింటిలోనూ పని చేసింది మనిషి కాదు; కలహం, ఆవేశం, మైకం, భూతం. కర్తను దాచే వ్యాకరణం ఇది.

మైకం అనే మినహాయింపు

ఇక్కడొక వాస్తవాన్ని ఒప్పుకోవాలి. మద్యానికీ హింసకూ సంబంధం లేదనడం అబద్ధం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం, దేశంలో తరచు తాగి మత్తులో ఉండే భర్తలున్న స్త్రీలలో 70 శాతం మంది శారీరక లేదా లైంగిక హింసను అనుభవించారు. తాగని భర్తలున్న స్త్రీలలో ఇది 23 శాతం. సారా వ్యతిరేక కథనాన్ని సమర్థించేవారు మొదటి అంకెను చూపుతారు. నేను రెండోదానిని చూపుతున్నాను. తాగుడు అలవాటే లేని ఇళ్ళలో నాలుగో వంతుకు దగ్గరగా స్త్రీలు దెబ్బలు తింటున్నారంటే, వారి సంగతి ఏ ఉద్యమ చరిత్రలో ఉంది? ‘మా ఆయనకు ఏ అలవాటూ లేదు’ అని చెప్పుకోవలసి వచ్చే స్త్రీ తన ఒంటి మీది దెబ్బకు ఏ కారణం చూపాలి? మన సంస్కృతి ఆమెకు మిగిల్చిన కారణం ఒకటే: తప్పు తనదే అయి ఉండాలి.

అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 83.6 శాతం మంది, ఏదో ఒక సందర్భంలో భర్త భార్యను కొట్టడం సమంజసమేనని చెప్పారు. దేశంలో తెలంగాణ (83.8) తరువాత ఇదే అత్యధికం. సర్వేలో అడిగిన సందర్భాలు ఏడు: చెప్పకుండా బయటికి వెళ్ళడం, ఇంటినీ పిల్లలనూ పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడడం, పడకకు నిరాకరించడం, వంట సరిగా చేయకపోవడం, శీలం మీద అనుమానం, అత్తమామలను గౌరవించకపోవడం. ఏడూ భార్య నడతకు సంబంధించినవే. నెల్లూరు ఉద్యమం గడిచి పాతికేళ్ళు దాటాక, ఆ ఉద్యమానికి పుట్టినిల్లయిన రాష్ట్రంలో వచ్చిన అంకె ఇది. సారాను ఓడించామని రాసుకున్న చరిత్ర ఈ అంకె ముందు ఏం చెబుతుంది? రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో 30 శాతం మంది భర్త చేతి హింసను అనుభవించినట్టు చెప్పారు. చెప్పినవారి లెక్క అది. సమంజసమేననుకున్నవారిలో ఎందరు దానిని హింసగా లెక్కించి ఉంటారో ఆలోచించుకోవచ్చు.

ప్రభుత్వాలు కూడా మన కథనాన్నే చదువుకున్నాయి. 1980లలో వారుణి వాహిని పేరిట ప్యాకెట్ సారా ఊరూరికీ చేర్చినదీ ప్రభుత్వమే, 1995లో నిషేధించినదీ ప్రభుత్వమే. 2019 అక్టోబరులో దుకాణాలను ప్రభుత్వమే నడపడం, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు దుకాణాలు రావడం వరకు స్త్రీల కన్నీళ్ళ ప్రస్తావన లేకుండా ఏ మద్యవిధానమూ వెలువడలేదు. మద్యవిధానంలో తప్ప ఆ కన్నీళ్ళకు మరో చోట అంత ప్రస్తావనా రాలేదు. దుకాణాల సంఖ్య, సీసా ధర, పని గంటలు చర్చకు వస్తాయి. జిల్లాకు ఎందరు రక్షణాధికారులు, ఎన్ని వసతి గృహాలు అన్నది ఎన్నికల ప్రశ్న కాలేదు.

చట్టం ఈ విషయంలో మన సాహిత్య చరిత్రకన్నా తెలివిగా ఉంది. 2006 నియమావళిలోని 14వ నియమం కౌన్సెలింగ్‌ను గురించినది. హింసకు పాల్పడినట్టు ఆరోపణ ఉన్న వ్యక్తి తన చర్యకు సమర్థనగా ఏ కారణాన్నీ ముందుకు తేరాదని, అలాంటి సమర్థన కౌన్సెలింగ్‌లో భాగం కాకూడదని అది చెబుతుంది. ‘తాగి ఉన్నాను’ అన్నది అలాంటి సమర్థనే. ‘ఆమె నోరు ఊరుకోదు’ అన్నదీ అంతే. ఆచరణలో రాజీ కూర్చునే చోటనల్లా మొదటి ప్రశ్న ‘తాగుతాడా?’ అనే. అవునంటే ‘మాన్పిద్దాం’, కాదంటే ‘మరెందుకు కొట్టాడు, నువ్వేం చేశావు?’ రెండు జవాబుల్లోనూ దెబ్బ గురించి మాట లేదు.

తీరంలో

దూబగుంట మెట్టప్రాంతపు ఊరు. ఉద్యమ చరిత్ర ఎక్కువగా ఆ మెట్ట చుట్టూ తిరిగింది. జిల్లాకు తూర్పున కావలి, బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల మీదుగా సాగే సముద్రతీరపు పల్లెల్లో పరిస్థితి కొంత వేరు. నా అభ్యంతరానికి అక్కడ మరింత బలం చేకూరుతుంది.

అక్కడ పట్టపు కులస్థుల కుటుంబాల్లో వేట పురుషుడిది, చేపల అమ్మకంలో స్త్రీకి పెద్ద పాలు ఉంది. గంప నెత్తిన పెట్టుకొని ఊళ్ళు తిరిగే స్త్రీ చేతిలో రోజూ డబ్బు ఆడుతుంది. చేతిలో డబ్బు ఉన్న స్త్రీకి ఆర్థిక హింస ఏమిటని బయటివారు అనుకుంటారు. డబ్బు ఆడటం వేరు, దాని మీద అధికారం వేరు. చట్టం ‘ఆమె సంపాదనను లాక్కోవడం’ అని ప్రత్యేకంగా చేర్చింది ఇలాంటి ఇళ్ళ కోసమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. (సారా నిషేధం జిల్లాలో మొదలైనదీ ఏప్రిల్ 15నే, యాదృచ్ఛికమే.) నిషేధకాలపు భృతి పడవ మీద వేటకు వెళ్ళేవారి పేరిట వస్తుంది. చేపలు లేని రెండు నెలలు గంప మోసే స్త్రీకి రాబడి ఆగిపోతుంది, భర్త ఇంట్లో ఉంటాడు. ఆ రెండు నెలల్లో ఇళ్ళలో ఏం జరుగుతుందో అధ్యయనం చేయవలసిన విషయం.

మత్స్యకార పల్లెల్లో తగవు మొదట వెళ్ళేది కులపెద్దల వద్దకు. వారి కట్టుబాటును తెలిపే దురాయి అనే మాట అక్కడ నేటికీ వాడుకలో ఉంది. వేట హద్దుల విషయంలో, పడవల మధ్య తగవుల విషయంలో ఆ వ్యవస్థ చేసే మేలును తక్కువ చేయనక్కరలేదు. సముద్రం మీద ఎవరి వల ఎక్కడ పడాలో పోలీసు కన్నా వారికే బాగా తెలుసు. ఆలుమగల తగవుకు వచ్చేసరికి కూర్చున్నవారందరూ పురుషులు. లక్ష్యం కాపురం నిలబెట్టడం. తీర్పు రూపం ‘సర్దుకుపోండి’. సర్దుకుపోవడం అనే ఈ ఉభయపద క్రియలో సర్దుకోవలసింది ఎప్పుడూ ఒకరే. పల్లె దాటి పోలీసు వద్దకు పోయిన స్త్రీ కట్టుబాటును మీరినట్టవుతుంది. కట్టుబాటు వల్ల ఆమెకు పల్లెలో భద్రత ఉంది. దాన్ని మీరితే భద్రత పోతుంది. ఈ చిక్కును ‘అవగాహన లేకపోవడం’ అని కొట్టివేసే ప్రభుత్వ సదస్సుల భాష నాకు రుచించదు. ఆమెకు అవగాహన ఉంది. దారి లేదు.

దారులు కాగితం మీద ఉన్నాయి, వాటిని చెప్పుకోవడం అవసరమే. చట్టం కింద ఉత్తర్వు కోరుతూ మేజిస్ట్రేటు వద్ద నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు; రక్షణాధికారి ద్వారానో, ఆమె తరఫున మరొకరి ద్వారానో కూడా చేయించవచ్చు. తాత్కాలికంగా తలదాచుకున్న చోటి కోర్టుకూ వెళ్ళవచ్చు, కాబట్టి పుట్టింటికి చేరిన స్త్రీ అత్తవారి ఊరి కోర్టుకే రావాలన్న నియమం లేదు. మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో జరగాలని, దరఖాస్తును 60 రోజుల్లో పరిష్కరించే ప్రయత్నం చేయాలని 12వ సెక్షను అంటుంది. కాపురముంటున్న ఇంట్లో ఉండే హక్కు 17వ సెక్షనులో ఉంది; అవసరమైతే భర్తనే ఇల్లు విడిచి వెళ్ళమనే అధికారం 19వ సెక్షను మేజిస్ట్రేటుకు ఇచ్చింది. ప్రభుత్వం ఇచ్చిన ఇంటిపట్టా తన పేరిటే ఉన్నా, అర్ధరాత్రి పిల్లలతో బయటికి నడిచేది తానే అయిన స్త్రీకి ఈ సెక్షను గురించి ఎవరూ చెప్పలేదు. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయవాదిని పొందడానికి స్త్రీకి ఆదాయ పరిమితి లేదు. 181కి ఫోను చేస్తే మహిళా సహాయ కేంద్రం, ప్రాణాపాయంలో 112. వైద్యం, పోలీసు సాయం, న్యాయసలహా, కొద్ది రోజుల వసతి ఒకేచోట అందాలన్న ఉద్దేశంతో 2015 నుంచి సఖి కేంద్రాలు ఏర్పడ్డాయి. ఫిర్యాదు అందుకున్న పోలీసు అధికారి ఈ హక్కులన్నీ ఆమెకు తెలియజేయాలన్నది 5వ సెక్షను విధించిన బాధ్యత. ఆసుపత్రి ఆమెకు వైద్యం నిరాకరించకూడదన్నది 7వ సెక్షను. క్రూరత్వానికి శిక్ష విధించే పాత 498ఎ నిబంధన 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా కొనసాగుతున్నది.

ఇవన్నీ ఉన్నా, హింసను అనుభవించిన స్త్రీలలో సాయం కోరినవారు దేశం మొత్తం మీద 14 శాతమే. 77 శాతం మంది సాయం కోరలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. దీనికి ఒక కారణం దూరం. ఆంధ్రప్రదేశ్‌లో రక్షణాధికారి బాధ్యత జిల్లా కేంద్రంలో ఉండే స్త్రీ శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టరుకు అప్పగించారు. మైపాడు ఒడ్డు నుంచో, ముత్తుకూరు దిగువ పల్లె నుంచో నెల్లూరుకు బస్సెక్కిన స్త్రీ ఆ రోజు చేపల గంపను వదులుకొని రావాలి, సాయంత్రానికి ఎక్కడికి వెళ్ళివచ్చావన్న ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవాలి. ఊరి సచివాలయంలో మహిళా పోలీసు ఉన్నా, అక్కడ ఇచ్చిన మాట ఊళ్ళో మొగుడి చెవికి చేరదన్న నమ్మకం కుదరాలి. రెండో కారణం మళ్ళీ భాష. ‘గృహహింస’ అనే మాటను పల్లెలో ఎవరూ తమ బతుకు గురించి వాడరు. అది దరఖాస్తు మాట. దాన్ని వినే స్త్రీ మనసులో కత్తిపోట్లూ కిరోసిన్ మంటలూ మెదులుతాయి. డబ్బు లాక్కోవడం, వారాల తరబడి మాట్లాడకపోవడం, పుట్టింటికి పంపకపోవడం మెదలవు. కాబట్టి తనది గృహహింస కాదని ఆమె నిజాయితీగానే నమ్ముతుంది.

రెండు ఆక్షేపణలు

నా వాదం మీద వచ్చే ఆక్షేపణలలో మొదటిది: స్త్రీలే ‘సారా’ అన్నారు, వారి మాటను మార్చే అధికారం పరిశోధకుడికి ఎక్కడిది? మాట మార్చమని నేను అనడం లేదు. మొత్తం వాక్యం వినమంటున్నాను. బహిరంగ సభలో, కలెక్టరు ముందు, విలేకరి ముందు తన భర్త చేతిని నేరుగా నిందించడం 1992లో ఏ కూలి స్త్రీకీ సులభం కాదు. సారా అనే మాట ఆమెకు భర్తతో కాపురం చెడకుండా భర్త చేసిన పనిని నిందించే వీలు కల్పించింది. అది చక్కని యుక్తి. యుక్తిని అర్థంగా పొరబడటం మన పఠన లోపం.

రెండోది బరువైనది. 1990ల మధ్యలో సూసీ తారు, తేజస్విని నిరంజన రాసిన వ్యాసం ఈ ఉద్యమాన్ని ప్రతి పక్షమూ తన చట్రంలో ఇరికించుకున్న తీరును విమర్శించింది. స్త్రీవాదులు దానిని భర్తల మీద భార్యల తిరుగుబాటుగా కుదించరాదనీ, గుత్తేదారు, ప్రభుత్వం, కూలి, కులం అన్నీ అందులో ఉన్నాయనీ ఈ విమర్శ ఆధారంగా వాదించవచ్చు. అంగీకరిస్తాను. గుత్తేదారు మీద, ఎక్సైజు రాబడి మీద మనకు కావలసినన్ని రచనలున్నాయి, ఉండవలసిందే. కానీ అన్ని కోణాలనూ కలుపుకున్నామని చెప్పే చదువులో ఒక్క కోణం మాత్రమే ఎప్పుడూ ‘నేపథ్యం’గా మిగిలిపోతే, దాన్ని ముందుకు లాగడాన్ని కుదింపు అనలేం.

తెలుగు శాఖల పని

1993లోనే ‘నీలిమేఘాలు’ కవితా సంకలనం వెలువడింది. తెలుగు శాఖల్లో స్త్రీవాద కవిత్వానికి ఆ తరువాత తగిన చోటు దొరికింది. అదే ఏడాది సారాను నిషేధింపజేసిన నెల్లూరు స్త్రీల మౌఖిక సాక్ష్యానికి అందులో పదో వంతు శ్రద్ధ కూడా దక్కలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ ద్వారా తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలను సేకరించి ఒక పద్ధతిని చూపింది. ఆ పద్ధతి నెల్లూరుకు రావలసి ఉంది. రోశమ్మ 2016 ఆగస్టులో కన్నుమూసింది. 1992లో ముప్పై ఏళ్ళున్న స్త్రీకి ఇప్పుడు అరవై దాటాయి.

సేకరణకు వెళ్ళే విద్యార్థి ప్రశ్నావళిలో సారా అంగడి ఎప్పుడు మూతపడిందన్న ప్రశ్న చివరికి పోవాలి. ఆ రాత్రిబడిలో మొదట ఎవరు తమ ఇంటి సంగతి చెప్పారు, తక్కినవారు ఏమన్నారు, అంగడి మూతపడిన తరువాతి నెలలో ఇంట్లో ఏం మారింది, ఏం మారలేదు, కూతురికి పెళ్ళి చేసేటప్పుడు ఏం చెప్పి పంపారు అన్నవి ముందుకు రావాలి. తీరపు పల్లెల్లో ఈ పని ఇంతవరకు మొదలుకాలేదు కనుక అల్లూరు, ఇందుకూరుపేట వైపు నుంచి మొదలుపెట్టడం మేలు. ఆ సాక్ష్యాల నుంచే హింసకు స్త్రీలు వాడుతున్న మాటలను ఏరి, గృహ సంఘటన నివేదిక పత్రంలోని ప్రతి అంశం పక్కన ఆ ప్రాంతపు మాటను రాసి, ఆ ప్రతిని రక్షణాధికారి కార్యాలయానికీ, సఖి కేంద్రానికీ, అంగన్‌వాడీలకూ అందించాలి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు, ఒక ఎం.ఫిల్. స్థాయి పదకోశ పరిశ్రమ చాలు. ‘మాటలతో మనసును గాయపరచే హింస’ అని ఉన్నచోట ‘సాధింపు’ అని రాసి, దాని పక్కన భర్త అని కూడా రాయాలి.